యంత్రం ఆప్తుడు కాగలదా?

2023 జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఇద్దరు లాయర్లకూ వారి సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. వాళ్లు చూపిన తీర్పుల్లో ఆరు అసలు లేనే లేవు. చాట్‌జీపీటీ కల్పించినవవి.

వాళ్లు ప్రైవేటు లాయర్లు. అదే తప్పు ప్రభుత్వ న్యాయవాది చేస్తే? ఆ న్యాయవాది మాట వెనక రాజ్యబలం ఉంటుంది. ఎదుట నిలబడేది పింఛను ఆగిన వృద్ధురాలో, భూమి పోయిన రైతో కావచ్చు.

ఎవరి మాట నమ్మాలన్నది పాత ప్రశ్నే. భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం మాటను ప్రమాణంగా ఒప్పుకుంది, కానీ అది ఆప్తుడి మాటై ఉండాలంది. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాడే ఆప్తుడని దానికి వాత్స్యాయనుడు రాసిన భాష్యం. తర్వాత ఏ పదం రావచ్చో లెక్కగట్టి వాక్యం అల్లే యంత్రానికి ఆ ఎరుకా లేదు, ఆ తపనా లేదు. కాబట్టి అది చిత్తుప్రతి రాయవచ్చు, సాక్ష్యం చెప్పలేదు.

అయితే దోషమంతా యంత్రానిదే అనడమూ తప్పించుకోవడమే. ఆస్ట్రేలియా ప్రభుత్వం బాకీల వసూలుకు పెట్టిన ‘రోబోడెట్’ పథకం కృత్రిమ మేధ కూడా కాదు, మామూలు లెక్క. ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాల వాయిదాలకు సమానంగా పంచి, సంక్షేమ సాయం పొందినవారిపై లేని బాకీలు మోపింది. ఇది చట్టానికి నిలవదని 2014లోనే సంక్షేమ శాఖలోని న్యాయ సలహాదారులు హెచ్చరించారు. మనుషులే వినలేదు.

2025 జులైలో కేరళ హైకోర్టు జిల్లా కోర్టులకు స్పష్టమైన విధానం ఇచ్చింది: తీర్పులు, ఉత్తర్వులు నిర్ణయించడానికి కృత్రిమ మేధ సాధనాలు వాడరాదు, యంత్రానువాదాన్ని అర్హులు సరిచూడాలి, ప్రతి వాడకాన్నీ నమోదు చేయాలి. ప్రభుత్వ న్యాయవాదుల కార్యాలయాలకూ ఇలాంటి కట్టుబాటు కావాలి. సంతకం చేసేవారు, ఉదహరించిన ప్రతి తీర్పునూ మూలంలో చదివామని రాసివ్వాలి.