అడ్డమొచ్చిన ఇల్లు

ఊరు పెరగాలంటే రోడ్డు వెడల్పు కావాలి. వరద రాకుండా కట్ట లేవాలి. మురుగు పోవడానికి కాలువ తవ్వాలి. వీటిలో ఏదీ చెడ్డ పని కాదు. అయితే ఆ రోడ్డుకో, కట్టకో, కాలువకో గీత గీసిన చోట ఎవరిదో ఒక ఇల్లు ఉంటుంది. కొలతల కాగితం మీద దాని పేరు 'అడ్డం'. అందులో కాపురం ఉండేవారికి మాత్రం అది బ్రతుకు. పదిమంది మేలు కోసం ఒకరి బ్రతుకును పక్కకు జరపవచ్చునా? జరిపితే ఏ షరతుల మీద జరపాలి? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

రామకుప్పం లాంటి మెట్ట పల్లెల్లో ఉండే మనకు నగరాల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. తెల్లవారుజామున కుప్పం స్టేషనులో రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయేవారు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. ఇటుకలు మోసేవారు, సెంట్రింగు కొట్టేవారు, రంగులు వేసేవారు మన ఇండ్లలోని బిడ్డలే. నగరాలను కట్టే చేతులు మనవి. పైగా నగరం మన గుమ్మం దాకా నడచి వస్తోంది. కుప్పం మునిసిపాలిటీగా మారి 2021లో మొదటిసారి మునిసిపల్ ఎన్నికలు జరుపుకున్నది. రేపు గీత మన వీధిలోనే పడవచ్చు. అప్పుడు ఆలోచించడం కంటే ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది.

మన రాష్ట్రంలో ఈ ప్రశ్నను అందరికంటే ఎక్కువగా ఎదుర్కొన్న ఊరు విజయవాడ. దక్షిణాన కృష్ణానది, ఉత్తరాన బుడమేరు, మధ్యలో కొండలు, వాటి సందుల్లోంచి పారే ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ. మనిషి నిలబడటానికి చదునైన నేల తక్కువ, నీళ్ళు ఎక్కువ. 1832-33లో వచ్చిన నందన కరువులో గుంటూరు సీమ జనం లెక్కలేనంతమంది చనిపోయారు. ఆ తరువాత 1855 నాటికి కృష్ణకు ఆనకట్ట లేచింది. ఆ పాత కట్టకు 1952లో గండి పడితే దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ కట్టి 1957లో పూర్తి చేశారు. కాబట్టి కట్టడమే పాపమని ఎవరూ అనలేరు. ఆ కట్టడాలే లేకపోతే డెల్టాలో మెతుకు లేదు.

నీళ్ళు వచ్చాయి, పంట వచ్చింది, రైళ్ళు వచ్చాయి, వ్యాపారం వచ్చింది. పని వెదుక్కుంటూ పేదలూ వచ్చారు. 2011 జనాభా లెక్కలనాటికి నగర జనం 10 లక్షలు దాటింది. కొనగలిగినవారు చదును నేల కొనుక్కున్నారు. కొనలేనివారు కాలువగట్ల మీద, కొండవాలుల మీద, నది ఒడ్డున లంకనేలల్లో గుడిసెలు వేసుకున్నారు. హోటళ్ళలో గిన్నెలు కడిగేది వారే, మార్కెట్టులో బస్తాలు మోసేది వారే, ఇండ్లలో అంట్లు తోమేది వారే. నగరానికి వారి చేతులు కావాలి. వారు తల దాచుకునే చోటు మాత్రం ఆక్రమణ.

తరువాత పథకాలు వచ్చాయి. 2001లో మొదలైన వాంబే పథకం కింద, 2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద నగరం అంచుల్లో కాలనీలు కట్టారు. సింగ్‌నగర్ వైపు వాంబే కాలనీ, జక్కంపూడి కాలనీ అలా వెలిసినవే. గుడిసెలోని పేదవానికి సిమెంటు కప్పు వచ్చింది. అది చిన్న సంగతి కాదు. కాని పని నగరం నడిబొడ్డున, ఇల్లు నగరం చివరన పడింది. ఉదయం ఐదు గంటలకు పాచిపనికి నడిచి వెళ్ళే తల్లికి ఆ దూరం ఎంత బరువో ఏ పటంలోనూ కనిపించదు.

2024 సెప్టెంబరు మొదట్లో వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు నమోదై 2009 అక్టోబరు నాటి వరదను మించిపోయింది. ఆ వరద మనకు రెండు పాఠాలు నేర్పింది. కృష్ణలంక, రాణిగారితోట వైపు నది ఒడ్డున దశలవారీగా కట్టిన రక్షణ గోడ నిలిచింది. ఏటేటా వరద భయంతో మూటలు సర్దుకునే పేదల ఇండ్లు ఈసారి నిలబడ్డాయి. నది ఇటువైపు ఇలా ఉండగా, అటు బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, వాంబే కాలనీ, జక్కంపూడి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో మునిగాయి. దానికి ఒక్క రోజు ముందు, ఆగస్టు 31న, మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇండ్ల మీద పడి ప్రాణాలు పోయాయి.

గమనించండి. ఒకచోట పేదవానిని అక్కడే ఉంచి, అతని చుట్టూ గోడ కట్టారు. అతను బ్రతికాడు. ఇంకొకచోట పేదవానికి కొత్త ఇల్లు ఇచ్చారు గాని, దానికి పల్లపు నేలను ఎంచారు. అతను మునిగాడు. రెండూ అభివృద్ధి పనులే, రెండింటికీ సిమెంటు, ఇసుక, ఇనుము ఖర్చయ్యాయి. తేడా ఎక్కడుంది? మొదటి పని లెక్కలో అతనే ప్రధానం. రెండవ పని లెక్కలో అతను ఖాళీ చేసిన స్థలం ప్రధానం.

ఇక్కడ కొందరు ఒక లెక్క చెబుతారు. రోడ్డు వెడల్పయితే రోజుకు వేలమందికి పది నిముషాలు కలిసి వస్తాయి, నష్టపోయేది నలభై కుటుంబాలే, కూడికలో లాభమే ఎక్కువ అంటారు. వినడానికి బాగుంటుంది. కాని ఈ లెక్కలో ఒక లోపం ఉంది. లాభం పొందేవారు వేరు, నష్టపోయేవారు వేరు. ఇద్దరినీ కలిపి ఒకే మనిషి అయినట్లు కూడుతున్నాము. నా కుడి చేతి నొప్పిని భరించి ఎడమ చేతికి మేలు చేసుకుంటే అది నా ఇష్టం. మీ చేతి నొప్పితో నా చేతికి మేలు చేసుకుంటే దాని పేరు త్యాగం కాదు.

మన చెరువులను చూడండి. చెరువు కట్టిననాడు కట్ట దిగువన ఉన్న ఆయకట్టు రైతుకు నీళ్ళు దక్కాయి. కట్ట ఎగువన ముంపులో భూమి పోయిన రైతుకు ఆ నీటి చుక్క ఒక్కటీ పారదు, ఎందుకంటే నీరు పల్లానికే పోతుంది గాని మెరకకు ఎక్కదు. ఊరికంతా మేలు జరిగింది, నిజమే. కాని ఆ ముంపు రైతుకు కట్ట దిగువన ఒక మడి ఇస్తేనే అది అందరి చెరువు అవుతుంది. ఇవ్వకపోతే అది కొందరి చెరువు, అతని గోరీ. మొత్తం మేలు వేరు, ఉమ్మడి మేలు వేరు. ఉమ్మడి మేలు అంటే ఇచ్చినవాని దగ్గరికి కూడా తిరిగి వచ్చే మేలు.

పునీత తోమాసు అక్వినాసుగారు చట్టాల గురించి చెబుతూ ఈ సంగతినే పట్టుకున్నారు. ఉమ్మడి మేలు కోసమే చేసిన చట్టమైనా, దాని భారాన్ని ప్రజల మీద సమంగా పంచకపోతే అది అన్యాయపు చట్టమేనని ఆయన బోధించారు. ఉద్దేశం మంచిదైతే చాలదు, బరువు ఎవరి భుజం మీద పడిందో కూడా చూడాలి.

అప్పుడు రెండవ మాట వస్తుంది. 'వారిది పట్టాభూమి కాదు, పోరంబోకు. హక్కు లేనివారికి నష్టపరిహారం ఏమిటి?' ఈ మాటను తోసిపుచ్చలేము. కాలువగట్టు అందరిదీ. దానిని ఎవరు పడితే వారు ఆక్రమిస్తే నీరు ఊరి మీద పడుతుంది, మునిగేది మళ్ళీ పేదవాడే. సుప్రీంకోర్టు 1985లో బొంబాయి ఫుట్‌పాత్‌వాసుల కేసులో తీర్పు చెప్పినప్పుడు ఈ రెండు వైపులనూ చూసింది. ఫుట్‌పాత్‌ను ఆక్రమించుకునే హక్కు ఎవరికీ లేదన్నది. అయితే జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమని, నోటీసు ఇచ్చి, వారి మాట విన్న తరువాతనే తొలగించాలని చెప్పింది. 2024 నవంబరులో అదే న్యాయస్థానం, ఇల్లు కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఉండాలని నియమం పెట్టింది. కాని రోడ్ల మీద, నదుల, చెరువుల గట్ల మీద ఉన్న ఆక్రమణలకు ఆ రక్షణను వర్తింపజేయలేదు. అంటే అందరికంటే బలహీనుడు ఎక్కడ ఉంటాడో అక్కడే చట్టం రక్షణ పలచబడుతోంది. చట్టం ఆగిన చోట మనస్సాక్షి పని మొదలవుతుంది. పట్టా లేకపోవచ్చు, ముప్పై ఏండ్లు ఆ నగరానికి చేసిన చాకిరీ ఉంది. అది కూడా ఒక దస్తావేజే.

దివ్యగ్రంథంలో ఇల్లు, పొలం, గోడ గురించిన కథలు రెండు ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం మంచిది. మొదటిది నాబోతు ద్రాక్షతోట కథ. ఆహాబు రాజు ఆ తోటను ఊరకనే అడగలేదు. దానికంటె మంచి తోట ఇస్తానన్నాడు, లేదా వెల కట్టి ఇస్తానన్నాడు. ఈనాటి భాషలో చెప్పాలంటే మంచి పరిహారమే. అయినా నాబోతు పితరుల భూమిని ఇవ్వనన్నాడు. వెల ఇస్తే చాలు, మాట్లాడే హక్కు పోతుందని అనుకునేవారికి ఆ కథ జవాబు. అయితే రాజు అడిగింది తన కూరగాయల తోట కోసం. ఊరిని కాపాడే గోడ కోసం కాదు. ఇది మరువరాదు.

గోడ కథ నెహెమ్యాది. కూలిన యెరూషలేము ప్రాకారాన్ని ఆయన 52 రోజుల్లో కట్టించాడు. చాలామంది ఎవరి ఇంటి ఎదుటి గోడను వారే కట్టుకున్నారు. పని సగంలో ఉండగా పేదలు ఆయన దగ్గరకు వచ్చి మొరపెట్టుకున్నారు. ధాన్యం కోసం, పన్ను కోసం పొలాలు తాకట్టు పడ్డాయని, బిడ్డలు దాసులవుతున్నారని ఏడ్చారు. ఆయన 'ముందు గోడ కానివ్వండి, తరువాత చూద్దాం' అనలేదు. పెద్దలను సభకు పిలిచి, వడ్డీ మాన్పించి, పొలాలు, ఇండ్లు తిరిగి ఇప్పించాడు. తాను అధిపతిగా ఉన్న 12 ఏండ్లూ తనకు రావలసిన భత్యాన్ని తీసుకోలేదు. గోడ ఆగలేదు, న్యాయమూ ఆగలేదు. రెండూ ఒకేసారి సాధ్యమేనని ఆ గ్రంథం సాక్ష్యం.

ఈ రెండు కథల నుంచి మనం ఏ నిర్మాణాన్నయినా మూడు ప్రశ్నలు అడగవచ్చు.

మొదటిది, ఇది గోడా, కూరగాయల తోటా? ఊరి అవసరమా, కొందరి సోకా? 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు ముందు విజయవాడలో రోడ్లు వెడల్పు చేస్తూ కొన్ని గుళ్ళను కూడా తొలగించారు. ప్రజలు ప్రశ్నించారు, ప్రశ్నించవలసిందే. 2021 జనవరిలో తొమ్మిది గుళ్ళను తిరిగి కట్టడానికి శంకుస్థాపన జరిగింది. దేవుని ఇల్లు పోయిందని అడగడానికి జనం ఉన్నారు, సంతోషం. మనిషి గుడిసె పోయినప్పుడు అడగడానికి ఎంతమంది ఉన్నారు?

రెండవది, వారిని ముందుగా అడిగారా? 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు తమ 'లౌదాతో సీ' విశ్వలేఖలో, పేదలను వేరొక చోటికి తరలించక తప్పనప్పుడు వారికి ముందే అన్నీ తెలపాలని, తగిన ప్రత్యామ్నాయాలు చూపాలని, ఆ నిర్ణయంలో వారిని భాగస్వాములను చేయాలని కోరారు. అడగడం మర్యాద కోసం కాదు. బుడమేరు ఎటు పొంగుతుందో కాగితం చూసేవానికంటే అక్కడ కాపురమున్న ముసలమ్మకు బాగా తెలుసు.

మూడవది, ఇచ్చిన మాట నిలుస్తుందా? కృష్ణకు ఆవలి ఒడ్డున అమరావతి కోసం రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన అయింది. 2019 చివర మూడు రాజధానుల మాట వచ్చింది. రైతులు 2021 నవంబరులో తిరుపతికి కాలినడకన బయలుదేరారు. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చింది. 2025 మే 2న పనులు తిరిగి మొదలయ్యాయి. ఏ ప్రభుత్వం ఒప్పు, ఏది తప్పు అన్న చర్చ ఈ పేజీది కాదు. కాని పదేండ్లు అంటే ఒక బిడ్డ చదువు, ఒక కూతురి పెండ్లి. భూమి తీసుకున్న తరువాత మాట కూడా ధరలో భాగమే. ఆలస్యమయిన మాట తగ్గిన ధర. భూమి ఉన్న రైతుకు ప్లాటు హామీ అయినా ఉంది. ఆ పొలాల్లో కలుపు తీసిన కూలివానికి మొదట నిర్ణయించింది నెలకు 2,500 రూపాయల పింఛను. ఇవ్వడానికి భూమి లేనివాడే ఎక్కువ ఇచ్చినవాడు. తన పనినే ఇచ్చాడు.

ఇవన్నీ ప్రభుత్వాల సంగతులని మనం చేతులు కడుగుకోరాదు. పిలాతు కూడా అలాగే కడుగుకున్నాడు. మన ఊరు పట్టణమవుతుంటే నేలధర పెరిగిందని మురిసిపోయేది మనమే. ప్లాటు కొనేటప్పుడు అది కుంటలోనిదా, వంక పోరంబోకా అని అడుగుతున్నామా? వంక పూడ్చి వేసిన లేఅవుటులో ఇల్లు కట్టుకున్నవాడు తన ఇంటినే కాదు, దిగువ వీధిని కూడా ముంచుతాడు. ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీకి, కూలికి శనివారం సాయంత్రమే కూలి ఇస్తున్నామా, లేక పై వారానికి నెడుతున్నామా? గ్రామసభ పిలిస్తే వెళుతున్నామా? రోడ్డు కోసం గుడి ప్రహరీనో, మన ప్రహరీనో నాలుగడుగులు జరపమంటే కోర్టుకు పోయి, పక్కవాని గుడిసె జరిపితే మౌనంగా ఉంటున్నామా?

విచారణ సంఘాల్లో యువకులు ఒక చిన్న పని చేయవచ్చు. మన ఊరిలో ఎక్కడైనా గీత పడబోతుంటే, ఆ గీత మీద ఉన్న ఇండ్ల పేర్లు, అందులో చదువుకునే పిల్లలు, మంచంలో ఉన్న వృద్ధులు, పని చేసే చోటికి దూరం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, మతం, కులం చూడకుండా, ఆ కుటుంబాలతో కలిసి అధికారుల ముందు పెట్టండి. పని ఆపమని కాదు. లెక్కలో వారిని కూడా వేయమని అడగడానికి. కాగితం మీద 'అడ్డం' అని రాసిన చోట ఒక తండ్రి పేరు, ఒక తల్లి పేరు రాస్తే, గీత గీసే చేయి ఒక క్షణమైనా ఆగుతుంది. ఆ క్షణంలో గీత నాలుగడుగులు పక్కకు జరిగే వీలుంది. జరగకపోయినా, ఆ కుటుంబం ఎక్కడికి పోవాలన్న ప్రశ్న అప్పటినుంచి అందరిదీ అవుతుంది.