వరుస మారినా మొక్కు మారకూడదు

అన్నమాచార్య వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు వస్తుంది. ఆ ఉత్సవాల్లో భాగంగా అలిపిరి పాదాల మండపం దగ్గర మెట్లోత్సవం జరుపుతారు. కళాకారులు గోష్ఠిగా సప్తగిరి సంకీర్తనలు పాడతారు, మెట్లపూజ చేస్తారు. అదే అన్నమయ్యను ఇప్పుడు కుర్రకారు బ్యాండ్లు డ్రమ్స్, బేస్ గిటార్, కీబోర్డులతో వేదికల మీదా యూట్యూబ్‌లోనూ పాడుతున్నాయి. విన్నవాళ్లలో కొందరు మురిసిపోతున్నారు, కొందరు అపచారమంటున్నారు. వాయిద్యమూ వరుసా మారిపోయాక ఆ పాట ఇంకా స్వామికి చేసే కైంకర్యమేనా? పైకి ఇది సంగీత రుచుల తగాదాలా కనిపించినా, లోపల ఉన్నది భక్తికి సంబంధించిన ప్రశ్న. వరుస మారినంత మాత్రాన సంకీర్తన చెడదు; ఎవరిని ఉద్దేశించి పాడుతున్నామో మరిచిపోయినప్పుడే చెడుతుంది. నా వాదన ఇదే.

ముందు అసలు వరుస సంగతి చూద్దాం. పాశ్చాత్య రాక్ శ్రోతకు అసలు పాట అంటే ఫలానా ఏడాది వచ్చిన రికార్డు. బాబ్ డిలన్ పాటను 1968లో జిమీ హెండ్రిక్స్ తన గిటారుతో తిరగరాసినప్పుడు, రెండు రికార్డులనూ పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలుంది. అన్నమయ్య విషయంలో ఆ వీలు లేదు. ఆయన 1408 నుంచి 1503 వరకు జీవించాడు. 32 వేల సంకీర్తనలు రచించాడని సంప్రదాయం చెబుతుంది. తిరుమల సంకీర్తన భాండాగారపు రాగిరేకుల వల్ల మనకు మిగిలినవి అందులో సగం కూడా లేవు. ఆ రేకు మీద పాట పైన రాగం పేరు ఉంటుంది, కింద పల్లవీ చరణాలూ ఉంటాయి; స్వరాలు ఉండవు. శతాబ్దాల పాటు మరుగున పడిన ఆ పాటలకు 1950లలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి వారు వరుసలు కట్టారు. ‘నానాటి బతుకు’కు రేకు మీద ఉన్న రాగం ముఖారి. ఇవాళ ఊరూరా వినిపించేది నేదునూరి రేవతిలో కట్టిన వరుస. ఆ పాట విని కళ్లు చెమర్చిన వాళ్లెవరూ అది అన్నమయ్యది కాదనలేదు. కాబట్టి వరుస కొత్తదన్న ఒక్క కారణంతో బ్యాండును తప్పుపడితే, మనం నెత్తిన పెట్టుకున్న పెద్దలందరినీ తప్పుపట్టినట్టే.

మరి సంకీర్తనను సంకీర్తనగా నిలబెట్టేది ఏమిటి? మనవడు చిన్నన్న రాసిన అన్నమాచార్య చరిత్రలోనే జవాబుంది. సాళువ నరసింహరాయలు స్వామి మీద అన్నమయ్య పాడిన శృంగార పదం విని, అలాంటిదే తన మీదా ఒకటి చెప్పమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. సంకెళ్లకైనా సిద్ధపడ్డాడు కానీ ఒప్పుకోలేదు. రాజు రాగాన్ని మార్చమనలేదు, తాళాన్ని మార్చమనలేదు. పాట అందుకునేవాణ్ని మార్చమన్నాడు, అంతే. అన్నమయ్య గీత గీసింది సరిగ్గా అక్కడే. ఇంకోవైపు జాజర, ఉయ్యాల, సువ్వి, గొబ్బి, కోలాటం వంటి పల్లె పాటల బాణీలను ఆయన నిస్సంకోచంగా తీసుకుని స్వామికి అర్పించాడు. వడ్లు దంచే రోకటి పాట గుడికెక్కింది. బాణీ ఎక్కడి నుంచి వచ్చిందన్న పట్టింపు ఆయనకు లేదు, ఎవరికి చేరుతుందన్న పట్టింపే ఉంది.

డ్రమ్స్ మోతలో భక్తికి కావలసిన నెమ్మది ఎక్కడిదని అడుగుతారు. నెమ్మదిగా పాడే పాటలకు అది నిజమే. లాలిపాట మీద డ్రమ్స్ మోగిస్తే అది పాటను అర్థం చేసుకోకపోవడమే. కానీ మన గుళ్లలో డోలూ నాదస్వరమూ గుసగుసలాడవు. ఇవాళ సంప్రదాయానికి గుర్తుగా నిలిచిన వయొలిన్ యూరప్ నుంచి వచ్చి కర్ణాటక సంగీతంలో చేరి రెండు శతాబ్దాలే అయింది. అన్నమయ్య దాన్ని విననే లేదు. ఇంతకంటే బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది. త్యాగరాజ కృతుల వరుసలు శిష్య పరంపరలో మనదాకా వచ్చాయి కదా, వాటిని మార్చే హక్కు ఎవరికుందని. ఆ తేడాను ఒప్పుకోవలసిందే. అక్కడ సంగతులు కూడా వాగ్గేయకారుడి మాటలాంటివే. బెంగళూరు బ్యాండు ఆగం ‘మనవ్యాలకించరాదటే’ పాడినప్పుడు గిటార్లూ డ్రమ్సూ చుట్టూ చేరినా నళినకాంతి రాగం చెక్కుచెదరకపోవడం అందుకే ముఖ్యం. వరుస దొరికిన చోట దాన్ని కాపాడాలి, దొరకని చోట సాహిత్యాన్ని కాపాడాలి. ఈ నియమం బ్యాండుకే కాదు, కచేరీ విద్వాంసుడికీ వర్తిస్తుంది.

ఇంత స్వేచ్ఛ ఇస్తే ఇక హద్దేముందని భయపడేవారున్నారు. హద్దు ఉంది, అది కొలవగలిగిన హద్దే. పాడేవాడి గుండెలో భక్తి ఎంతుందో ఎవరూ తూకం వేయలేరు, వేయకూడదు కూడా. బయటికి కనిపించేవి అడగవచ్చు: మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయా, చరణాలన్నీ పాడారా? అన్నమయ్య పల్లవిలో ఎత్తుకున్న మాటను చరణాల్లో మెట్టు మెట్టుగా పెంచి, చివరి చరణంలో వేంకటేశ ముద్రతో స్వామి పాదాల దగ్గర పెడతాడు. హుషారైన పల్లవినే పదిసార్లు తిప్పి, ఆఖరి చరణాన్ని వదిలేస్తే, ఉత్తరం రాసి చిరునామా చించేసినట్టవుతుంది. 2022లో అన్నమయ్య కీర్తన వీడియో ఒకటి వివాదమైనప్పుడు తిరుపతిలోని తాళ్లపాక వంశీయుల అభ్యంతరం వరుస మీద కాదు, దృశ్యాల మీద. స్వామి సొగసును పాడే మాటలు గాయని సొగసుకు తగిలించినట్టున్నాయన్నదే వారి బాధ. ఆ వీడియో విషయంలో ఎవరు ఎటున్నా, వారు అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే.

అందుకే ఇరువైపులా ఒక్కో విన్నపం. బ్యాండు పిల్లలు పాట ఎత్తుకునే ముందు తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసిన సంకీర్తన సంపుటం తెరిచి, రాగం పేరు నుంచి ముద్ర దాకా పూర్తిగా చదవాలి; అర్థం కాని మాటను పెద్దలనడగాలి. పెద్దలు గిటారు చూడగానే మొహం తిప్పుకోకుండా, మూడు చరణాలూ విన్న తర్వాతే తీర్పు చెప్పాలి. మాట స్వామికి చేరేలా పాడిన బ్యాండు ఏదైనా సరే, అలిపిరి పాదాల మండపం గోష్ఠిలో కూర్చోవడానికి తగినదే.