చెలిమియు పానపాత్రయు

వరి మాసూళ్లు ముగిసిన పిదప బంటుమిల్లి యువకుడు మిత్రులతో మచిలీపట్నము పోవును. అచట గ్లాసు చేతికి వచ్చును. "ఒక్క గుక్కతో నష్టమేమి?" అందురు. కాదన్నచో చెలిమి చెడునేమోయని అతని భయము. ఏ కొలతయు నిరపాయము కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెల్పియున్నది.

లింగధారికి ప్రశ్న ఒక్కటియే: ఇది ఇష్టలింగమునకు అర్పింపదగునా? అర్పింపరానిది ప్రసాదము కానేరదు. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలెను. శాసనము వచ్చి పోవును. ఎదపై లింగము నిలిచియుండును.

అయినను మిత్రుని విడువరాదు. త్రాగువానిని హీనునిగా చూచుటయు ఒక మత్తే. మజ్జిగయో కొబ్బరినీళ్లో పుచ్చుకొని ఆ పంక్తిలోనే కూర్చుండవలెను. రాత్రి కాలువగట్టు దారిన వానిని క్షేమముగా ఇల్లు చేర్చవలెను. చెలిమియందు దాసోహమనగా ఇదియే.