పొగ ఎవరి వాటా?

మన ఇళ్ళల్లో ఎవరైనా కారు కొన్నారంటే చుట్టపక్కాలు మొట్టమొదట వేసే ప్రశ్న "మైలేజీ ఎంతిస్తోంది?" అని. అది మారుతీ కారయినా అంతే, జమీందారులెక్కే కారయినా అంతే. పట్టుచీర కట్టుకున్న ఇల్లాలు, "డిస్కౌంటులో వచ్చిందండీ, లేకపోతే మనమెక్కడ కొంటాం!" అని ఎదుటివాళ్ళు అడక్కుండానే చెబుతుంది చూశారూ, ఇదీ అలాంటిదే. విలాసం మనకి కావాలి. కాని పక్కన పొదుపు పెద్దముత్తయిదువలా నిలబడి చెయ్యి పట్టుకుంటే గాని దాన్ని గడప దాటించి ఇంట్లోకి తెచ్చుకోలేం.

మన ఈ స్వభావం చూసే తయారు చేశారేమో అనిపించే వస్తువొకటుంది. ఒంటినిండా విలాసం, కడుపులో డీజిలు. అలాగని మరీ పెద్దదీ కాదు, చిన్న సెడాన్ కారు. మావారు మూడు నెలల క్రితం అలాంటిది కొన్నారు. ఆడి ఏ3, 2016 నాటిది. కొత్త స్విఫ్టు ధర కంటే తక్కువకే వచ్చిందని ఆయన ఫోనులో చెప్పని బంధువు లేడు. చవగ్గా రావడానికి కారణం మాత్రం అడిగినవాళ్ళకే చెబుతారు. అది ఢిల్లీ బండి.

ఆ ఢిల్లీ సంగతికి తర్వాత వస్తాను. ముందు కారు గురించి న్యాయంగా నాలుగు మంచి మాటలు చెప్పాలి, ఎందుకంటే అది నిజంగానే బావుంది. తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు "ధబ్" మని ఒక్క చప్పుడు, అంతే, వీధి వీధంతా మాయమైపోతుంది. తాళం తిప్పగానే డాష్‌బోర్డులోంచి చిన్న తెర ఒకటి పైకి లేస్తుంది. మా అత్తగారు మొదటిసారి చూసి, గుళ్ళో తెర తీసినట్టుందే అన్నారు. సీట్లు కాస్త కిందకి ఉంటాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ముందు కూర్చుని తర్వాత కాళ్ళు లోపలికి తీసుకోవాలి. ఆ కిటుకు తెలిశాక ఆవిడకి ఇబ్బంది లేదు. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా ఒక్కసారి సూర్యాపేటలో కాఫీకి ఆగి వెళ్ళాం. నడుం పట్టెయ్యలేదు, తల తిరగలేదు. లీటరుకి 18 కిలోమీటర్లు వచ్చిందని మావారు చిట్టాపుస్తకంలో రాసుకున్నారు. పంతంగి టోలుగేటు దగ్గర అద్దం దించితే గాని అంత ఎండా అంత హోరూ బయట ఉన్నాయని నాకు తెలియలేదు.

నన్నడిగితే విలాసమంటే ఈ తెలియకపోవడమే. తోలు సీట్లూ, మెత్తటి తివాచీలూ పై మెరుగులు. మనం పోతున్న దారిలో ఏం జరుగుతోందో, మన వల్ల ఏం జరుగుతోందో మనకి తెలియకుండా చెయ్యడానికి ఎవరో ఇంజనీర్లు కూర్చుని పడ్డ శ్రమకే మనం డబ్బిచ్చేది.

ఆ సంగతి నాకు కారు బయట నిలబడ్డప్పుడు తెలిసింది. కూరల సంచీతో సందు మొగలో నిలబడి ఉంటే మావారు వచ్చి ఆపారు. లోపల వీణలా ఉండే బండి, బయటికి లొడలొడమంటోంది. 1980 ప్రాంతాల్లో డీజిలు అంబాసిడర్ టాక్సీలు వచ్చాయి, గుర్తుందా? కంటికి కనపడక ముందే చెవికి వినపడేవి. అంత కాకపోయినా, ఇదీ ఆ వంశానిదేనని తెలిసిపోయింది. డీజిలు ఇంజనుకి నిప్పు రాజేసే ప్లగ్గు ఉండదు. గాలిని బలంగా కుదించి కుదించి కాగబెట్టి, అందులోకి చమురు చిమ్మితే దానంతటదే భగ్గుమంటుంది. ఆ చప్పుడే అది. చమురు తుంపరలు గాలిలో సరిగ్గా కలవని చోట మసి పుడుతుంది. గ్యాసు పొయ్యి మంట నీలంగా ఉన్నంతసేపూ గిన్నె అడుగు శుభ్రంగా ఉండి, మంట ఎర్రబడగానే నల్లబడడం మనకి తెలియనిదేం కాదు కదా. పోనీ బాగా వేడిగా మండిద్దామంటే మసి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. మాడితే ఒక బాధ, ఉడక్కపోతే ఒక బాధ.

ఈ ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ మహానుభావుడు కార్లని తలుచుకుని కనిపెట్టలేదుట. పెద్ద ఫ్యాక్టరీల ఆవిరి యంత్రాల ముందు చితికిపోతున్న చిన్న చిన్న పనివాళ్ళకి సొంతంగా ఒక చిన్న ఇంజను ఉంటే బతుకుతారని ఆయన ఆశ. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజనుని వేరుశనగ నూనెతో నడిపించారు కూడాను. ఆయన 1913లో ఓడలో ఇంగ్లండు వెళుతూ రాత్రికి రాత్రి సముద్రంలో మాయమైపోయాడు, పాపం. బీదవాడి కోసం తలపెట్టిన వస్తువు ఆ తర్వాత ఎవరెవరి గుమ్మాల్లోకి వచ్చిందో చూడకుండానే.

మన దేశంలోనూ అంతే. డీజిలు చాలా ఏళ్ళు చవగ్గా ఉండేది. బస్సూ, లారీ, ట్రాక్టరూ, పొలంలో మోటారూ దాని మీదే నడుస్తాయని ప్రభుత్వం నష్టం భరించి తక్కువకి ఇప్పించేది. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటితే డీజిలు 41 రూపాయలకి దొరికేది. రైతు పేరు చెప్పి తగ్గించిన ధరని లక్షల కార్లు హాయిగా తాగాయి. రేషను షాపు వరసలో పట్టుచీర కట్టుకుని నిలబడ్డట్టుంటుంది నాకు తలుచుకుంటే. 2014 అక్టోబరులో డీజిలు ధర మీద అదుపు ఎత్తేశాక ఆ తేడా తగ్గింది. ఇప్పుడు మిగిలిన నాలుగు డబ్బుల కోసమూ, మైలేజీ కోసమూ ఈ ముచ్చటంతా.

ఇక ఢిల్లీ సంగతి. పదేళ్ళు నిండిన డీజిలు బళ్ళు ఢిల్లీలోనూ ఆ చుట్టుపక్కలా తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు సరేనంది. 2025లో ఆ కోర్టే కొంత సడలించింది గాని, అప్పటికే ధరలు పడిపోయాయి. అంచేత పదో ఏడు దగ్గరపడ్డ బళ్ళు అక్కణ్ణించి కాగితాలు తెచ్చుకుని ఇతర రాష్ట్రాలకి బయల్దేరాయి. మా బండికి డి.ఎల్. అక్షరాలు పోయి టి.జి. వచ్చాయి. కొత్త నంబరు పలక బిగించి, పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయలు తొక్కించి ఇంట్లోకి తెచ్చుకున్నాం.

"ఏవండీ, అక్కడి పిల్లలకి మంచిది కాని పొగ ఇక్కడి పిల్లలకి మంచిదేనా?" అన్నాను.

మావారు తెలివైనవారు. "తయారైపోయిన కారోయ్ ఇది. తుక్కు కింద కొట్టేసి కొత్తది చేయించాలంటే ఇనుముకి బొగ్గు కాల్చరా? ఉన్నదాన్ని ఆఖరుదాకా వాడడం పొదుపు కాదూ? మీ అమ్మగారు చిరిగిన చీరల్ని బొంతలు కుట్టలేదూ?" అన్నారు.

ఆ మాటలో నిజం ఉంది. కాదనను. పాత వస్తువుని పారెయ్యకపోవడం మన ఆడవాళ్ళం నేర్పిన విద్యే. చీర పాతబడితే ఇంట్లో కడతాం, ఇంకా పాతబడితే పనిమనిషికిస్తాం, లేకపోతే స్టీలు సామాన్ల అతనికి వేసి గిన్నె పుచ్చుకుంటాం. చీర అలా మెట్టు మెట్టు దిగుతుంది. కాని చీర దిగుతున్నకొద్దీ పల్చబడుతుందే తప్ప, కట్టుకున్న వాళ్ళ పక్కవాళ్ళకి దగ్గు తెప్పించదు. కారు అలాక్కాదు, పాతబడ్డకొద్దీ దాని పొగ చిక్కబడుతుంది. దేశాల మధ్య కూడా ఇదే వరసట. 2015 నుంచి 2018 లోపల ప్రపంచంలో 1 కోటి 40 లక్షల పాత కార్లూ వాన్లూ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి అమ్ముడుపోతే, నూటికి 80 బీద, మధ్యతరగతి దేశాలకే చేరాయని ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ 2020లో లెక్క చెప్పింది.

మా మరిది ఏలూరులో ఉంటాడు. చూడ్డానికొచ్చి, "ఇంకో అయిదేళ్ళు వాడుకుని మాకు పంపించెయ్యండి వదినా, అక్కడ అడిగేవాడు లేడు" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! అడిగేవాడున్న చోటు నుంచి అడిగేవాడు లేని చోటికి వెళ్ళడమే ఈ కారు జాతకం కాబోలు.

దానికి మా అత్తగారు నవ్వి, ఏలూరు ఇంటి వంటిల్లు సంగతి ఎత్తారు. ఊక పొయ్యీ, కట్టెల పొయ్యీ, పూటకి పదిహేను విస్తళ్ళు. పొగ పోవడానికి గోడలో చెయ్యి పట్టేంత కన్నం. మగవాళ్ళంతా నడవాలో గాలి వచ్చే చోట పీటలేసుకు కూర్చుని, "పులుసు కమ్మగా ఉంది" అనేవారుట. "మన వంటింట్లో పొగ ఉంటుందని మీ మామగారికి పోయేదాకా తెలీదే అమ్మాయ్. చెడ్డవారా? దేవుడిలాంటి మనిషి. లోపలికొస్తే కదా తెలియడం!" అన్నారావిడ.

ఆవిడ కారు గురించి అనలేదు. కాని నాకు కారే కనపడింది. నడవాలో కూర్చున్నది ఈసారి నేను. వంటిల్లు వీధిలోకి వెళ్ళింది. పొయ్యి దగ్గర పొగ ఆడదాని వాటా అని ఎవరూ చట్టం చెయ్యలేదు, అది అలా పంచబడిపోయింది అంతే. 1999లో దీపం పథకం కింద ఊళ్ళల్లో ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లిచ్చినప్పుడు గాని అది వాళ్ళ ఊపిరికి సంబంధించిన విషయమని సర్కారు నోట రాలేదు.

ఇప్పుడు వీధి పొగ ఎవరి వాటా? తెల్లవారుజామున మా సందు ఊడ్చే ఆవిడ ఒకతె ఉంది. మావారు బండి తీసే వేళకి సరిగ్గా మా గుమ్మం దగ్గరికి వస్తుంది. ఇంజను వేడెక్కాలని ఆయన కాసేపు అలా ఉంచుతారు. ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడవారగా నిలబడుతుంది. "ఏం, నిలబడ్డావ్?" అంటే, "సారు బండి ఎల్లినంక ఊడుస్తనమ్మా" అంది. ఫిర్యాదు చేసినట్టు కాదు, వాన వెలిశాక వెళతాను అన్నట్టు అంది.

చట్టం ఉంది కదా, పొల్యూషన్ పరీక్ష ఉంది కదా అంటారు. ఉంది. పెట్రోలు బంకు పక్కన వాన్‌లో కుర్రాడు సైలెన్సరులో గొట్టం పెట్టి, ఇంజను రెండు మూడుసార్లు రెయ్యిమనిపించి, కాగితం చేతికిచ్చాడు. మా కారు పాసైంది. ఆ పరీక్ష చూసేది పొగ నలుపుని మాత్రమే, కంటికి కనపడని నైట్రోజన్ ఆక్సైడ్ల జోలికి పోదు. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తాలూకు పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. ఇక చట్టానికి దొరక్కుండా నడవడంలో మనిషి తెలివి అపారం. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో 2000 సి.సి., అంతకు మించిన కొత్త డీజిలు కార్ల రిజిస్ట్రేషను కొన్నాళ్ళు ఆపేస్తే, కొద్ది వారాల్లోనే ఒక కంపెనీ 1.99 లీటర్ల ఇంజను తెచ్చింది. మా కారుది మొదటినుంచీ 1968 సి.సి. గీతకీ దానికీ తేడా టీ చెంచాతో ఆరు చెంచాలు. అదే ఏడు ఫోక్స్‌వాగన్ కంపెనీవారు ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షల డీజిలు కార్లలో ఒక తమాషా అమర్చారని బయటపడింది. పరీక్ష జరుగుతోందని కారు పసిగట్టి, అంతసేపూ బుద్ధిగా ఉండి, రోడ్డెక్కగానే తన దారి తను చూసుకునేది. పెళ్ళిచూపులనాడు "మాకు కట్నాలు అక్కర్లేదండీ" అన్న మగపెళ్ళివారు గుర్తొచ్చారు నాకు. మా కారు ఆ జాబితాలోదని అనడం లేదు సుమండీ, ఆ కుటుంబంలోది మాత్రమే.

ఇంతా చెప్పి, కారు అమ్మెయ్యమంటారా అంటే, ఎవరికి అమ్మను? కొన్నవాళ్ళు దాన్ని పూజగదిలో పెట్టుకోరు. తుక్కు చేయించమంటే అత్తగారి మోకాళ్ళు అడ్డొస్తాయి. ఆర్టీసీ బస్సు మెట్లు ఆవిడ ఎక్కలేరు, అది నిజం. బజారుకి మేమిద్దరం నడుస్తాం, అదీ నిజమే. విజయవాడ దారిలో ఆ కారంటే నాకిష్టం, ఆ మాటా దాచను. ఏలూరుకి మాత్రం పంపనని మరిదికి చెప్పేశాను. రోడ్డెక్కే యోగ్యత ఎప్పుడు పోతే అప్పుడు ఇక్కడే తుక్కు చేయిద్దాం, ఆ నష్టమేదో మనమే భరిద్దాం అన్నాను. మావారు లెక్క వేసి, "పెద్ద మొత్తమేనోయ్" అన్నారు. ఇంతవరకూ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఒక్కదానికి మటుకు ఒప్పుకున్నారు. పొద్దున్న గుమ్మంలో ఇంజను వేడెక్కించడం మానేశారు. మెకానిక్కుని అడిగితే, అక్కర్లేదండీ, నెమ్మదిగా నడుపుతూ వెడితే అదే వేడెక్కుతుందన్నాడట. ఎక్కడైనా ఆగి ఎదురుచూడాల్సి వస్తే కూడా ఆపేస్తున్నారు. మొన్న అత్తగార్ని వ్యాయామ చికిత్సకి తీసుకెళితే ఇరవై నిమిషాలు బయట కూర్చోవలసి వచ్చింది. మావారు ఇంజను ఆపారు, ఏ.సి. ఆగింది.

"ఉక్కగా ఉందే అమ్మాయ్" అన్నారు అత్తగారు.

"అద్దం దించనా అత్తయ్యా?"

"దించు. అదిగో, ఆ చెట్టుకింద మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది చూడు, ఎంత లేతగా ఉన్నాయో. రెండు తీసుకురా. నిమ్మకాయ రాయమను, కారం వద్దని చెప్పు."