మశూచి బీజము: ఒక ధర్మసందేహము

మన తెలుగువారు ఏ రాష్ట్రమున స్థిరపడి యున్నను, ఇండ్లలోని వృద్ధుల చేతులమీద మశూచి టీకా మచ్చ నేటికిని కానవచ్చును. "అమ్మవారు పోసినది" అను మాటను వారు గొంతు తగ్గించియే పలుకుదురు. ఒకప్పుడు ఆ మాట వినబడినంతనే వీధి యెల్ల భయపడెడిది. ఆ వ్యాధి నేడు లేదు. 1980 మే 8వ తేదీన ప్రపంచ ఆరోగ్య సభ మశూచి నిర్మూలనమైనదని ప్రకటించినది. అయితే దాని బీజము మాత్రము అమెరికాలోని అట్లాంటా నగరమునను, రష్యాలో నొవొసిబిర్స్క్ సమీపమునను అతిశీతలస్థితిలో భద్రపరుపబడి యున్నది. దానిని దహింపవలెనా, ఉంచవలెనా? ఇది శాస్త్రజ్ఞులకే విడువదగిన ప్రశ్న కాదు, ధర్మప్రశ్న కూడ.

ముందుగా ఆ బీజమెట్టిదో తెలిసికొందము. మిల్లీమీటరును పదివేల భాగములు చేసినచో, అందు మూడు భాగముల పొడవు గలది. ఇటుక వంటి ఆకారము. పైన కవచము, లోపల సుమారు 1,86,000 జతల అక్షరములు గల డి.ఎన్.ఏ. గ్రంథము. అది తినదు, శ్వాసింపదు, పెరుగదు. మనుష్యుని కణములో ప్రవేశించిన పిమ్మట మాత్రము, ఆ కణపు సామగ్రిని వాడుకొని తనవంటివానిని అనేకములను పుట్టించును.

తాటాకు గ్రంథములకు ప్రతులు వ్రాయునప్పుడు లేఖకుల తప్పులు దొర్లినట్లే, ఈ ప్రతులయందును తప్పులు దొర్లును. ఇన్‌ఫ్లుయెంజా వైరసు గ్రంథము ఎనిమిది ఆర్.ఎన్.ఏ. తునకలుగా నుండును. అందు తప్పులు త్వరగా చేరును. ఒక్కొక్కప్పుడు తునకలే తారుమారగును. కనుకనే అది తరచు రూపు మార్చుకొనును. మశూచి బీజమునకు తన ప్రతిని దిద్దుకొను సాధనము కలదు. అందువలన అది మెల్లగా మారును. అయినను పాఠభేదము ఎంత పని చేయునో చూడుడు: అందు ఒక రకము సోకినవారిలో నూటికి ముప్పదిమందిని చంపినది, మరియొక రకము ఒక్కరిని. త్వరగా మారకపోవుట, మనుష్యుని తప్ప వేరొక ప్రాణిని ఆశ్రయింపకపోవుట, ఈ రెండును దానికి చేటైనవి. 1796లో జెన్నరు ఆరంభించిన టీకా కడకు జయించుటకు ఇవి ముఖ్యకారణములు.

దహింపవలెననువారు 1978 నాటి సంగతిని జ్ఞాపకము చేయుదురు. ఆ యేట ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున ప్రయోగశాలలోని బీజము సోకి ఒక స్త్రీ మరణించినది. ఉంచవలెననువారు, కొత్త ఔషధములను పరీక్షించుటకు అది కావలెనందురు. 1999 జూన్ నాటికి దహింపవలెనని ఒకసారి నిశ్చయించి, గడువు రాకమునుపే వాయిదా వేసిరి. ఆ వాయిదా నేటికిని తీరలేదు.

ఇది జీవహింస యగునా యని కొందరు సందేహింపవచ్చును. ఆతతాయిని వధించుట దోషము కాదని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. కాని ఈ బీజమునకు ద్వేషము లేదు, బాధయు లేదు. అది ఆతతాయి యనుటకైనను చాలదు. కాబట్టి ఈ ప్రశ్న దానియెడ మనకుండవలసిన దయను గూర్చినది కాదు. మనయందు మనకు గల నమ్మకమును గూర్చినది.

నా మట్టుకు దహించుటయే మేలని తోచుచున్నది. అయితే అంతటితో మన భారము తీరదు. మన దేశమున 1967లో సేకరించిన మశూచి బీజపు అక్షరక్రమము 1993లోనే అచ్చయినది. 2018లో కెనడా శాస్త్రజ్ఞులు, వెలకు కొన్న డి.ఎన్.ఏ. ముక్కలను కూర్చి, మశూచికి జ్ఞాతియైన గుర్రపు మశూచి వైరసును పుట్టించితిమని ప్రకటించిరి. సీసాను కాల్చవచ్చును, తెలిసిన విద్యను ఎవరు కాల్చగలరు?

భారత సౌప్తికపర్వమున అశ్వత్థామయు అర్జునుడును ఒకే అస్త్రమును ప్రయోగించిరి. ఋషులు కోరగా అర్జునుడు తనదానిని ఉపసంహరించెను. అశ్వత్థామకు ప్రయోగమే గాని ఉపసంహారము చేతకాలేదు. అతని అస్త్రము ఉత్తర గర్భముమీద పడినది. అస్త్రమొక్కటే, నిగ్రహమునందే భేదము.

మన పిల్లలు వైద్యులును శాస్త్రజ్ఞులును కావలెనని మనమెల్లరము కోరుచున్నాము. ప్రయోగమును కళాశాలలు నేర్పును. ఉపసంహారమును నేర్పవలసినది మన ఇండ్లు.