ఆయన ఆ మాట అనలేదుట!

లేని మాట పుట్టించడం తప్పని చిన్నప్పట్నుంచీ చెప్పించుకున్నవాళ్ళమే అందరం. కాని వున్న మాటనే కాస్త చెక్కి, నునుపు చేసి పక్కవాళ్ళకి అందిస్తే? అది అబద్ధం కిందికి వస్తుందా, ముచ్చట కిందికి వస్తుందా? చటుక్కున చెప్పడం కష్టమే.

అమెరికా టెలివిజన్‌లో 1966 నుంచి 1969 దాకా ‘స్టార్ ట్రెక్’ అని ఓ సీరియల్ వచ్చింది. అంతరిక్షనౌక కెప్టెన్ కిర్క్ ఏ గ్రహం మీదో దిగుతాడు. ఆపద ముంచుకొస్తే, పైన నౌకలో వున్న ఇంజనీరు స్కాటీని పిలిచి పైకి లాగెయ్యమంటాడు. ‘బీమ్ మీ అప్, స్కాటీ’ అన్న ఆ మాట, సీరియల్ ముఖమైనా చూడనివాళ్ళకి కూడా కంఠతా వచ్చు. తమాషా ఏమిటంటే, మొత్తం 79 భాగాల్లోనూ కిర్క్ సరిగ్గా ఆ మాట అననేలేదు! దానికి చుట్టాలనదగ్గ మాటలు చాలా అన్నాడు. 1986 నాటి సినిమాలో ‘స్కాటీ, బీమ్ మీ అప్’ అన్నాడుగాని అదీ తిరగేసిన వరసే. అయినా స్కాటీ వేషం కట్టిన జేమ్స్ డూహన్ 1996లో తన జీవితకథకి ఏం పేరు పెట్టుకున్నాడో తెలుసా? ఎవరూ అనని ఆ మాటే! పాపం, జనంతో ఎవరు పోట్లాడగలరు?

1942లో వచ్చిన ‘కాసాబ్లాంకా’ సినిమాలో ‘ప్లే ఇట్ అగైన్, శామ్’ అని ఎవరూ అనరు. ‘ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్’ అన్న వాక్యం కానన్ డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ కథల్లో ఎక్కడా లేదు. గమనించారా, మూడింటికీ చివర ఓ పేరు వేలాడుతోంది. కథలో వున్నంతసేపూ ఎవరు ఎవరితో అంటున్నారో మనకి కనబడుతూనే వుంటుంది. కథ దాటి బజార్న పడ్డ మాటకి ఆ ఆధారం లేదు గదా! వూరికి పంపే పిల్లాడి జేబులో చిరునామా చీటీ పెట్టినట్టు, జనమే ఆ పేరు తగిలించి పంపిస్తారు. ఇందులో ఎవరికీ నష్టం లేదు. నేనైతే దీన్ని తప్పు అనను.

‘డ్రాగ్‌నెట్’ సంగతి వేరు. 1951లో టెలివిజన్‌కి ఎక్కిన పోలీసు సీరియల్ అది. సార్జెంట్ జో ఫ్రైడే వేషం జాక్ వెబ్‌ది. సాక్ష్యం చెప్పే ఆడవాళ్ళతో, మాకు కావలసింది జరిగిన సంగతులేనమ్మా అన్న ధోరణిలో మర్యాదగానే అనేవాడు. 1953లో స్టాన్ ఫ్రీబర్గ్ అనే హాస్యగాడు ఆ సీరియల్‌ని వెక్కిరిస్తూ ఒక రికార్డు ఇచ్చాడు. అది తెగ అమ్ముడుపోయింది. ‘జస్ట్ ది ఫ్యాక్ట్స్, మామ్’ అన్న పొట్టి మాట ఆ వెక్కిరింత పుణ్యమే అంటారు. చూడండి ఎంత మారిపోయిందో! కుదించేసరికి అభ్యర్థన కాస్తా కసురు అయింది. వసపిట్టలాంటి ఆడమనిషి నోరు మూయించినట్టు లేదూ? వెబ్ 1982లో పోయాడు. తను అలా అనని మాట మాత్రం ఇప్పటికీ ఆయన ఖాతాలోనే వుంది.

ఇళ్ళల్లో జరిగేదీ యిదే. కొత్తకోడలు పెట్టిన పులుసు రుచిచూసి అత్తగారు, ‘ఉప్పు ఓ రవ్వ తగ్గిందేమో చూసుకో అమ్మా’ అంటుంది. ఆ మాట ఆడపడుచు నోట పిన్నిగారి చెవికీ, అక్కణ్ణుంచి వియ్యపురాలి వాకిట్లోకీ చేరేసరికి ‘పిల్లకి వంట రాదు’ అని మూడు ముక్కలై వూరుకుంటుంది. ఎవరూ బొత్తిగా కల్పించింది లేదు. ‘ఓ రవ్వ’, ‘ఏమో’, ‘అమ్మా’ – ఇవే దారిలో రాలిపోయాయి. ఆవిడ ఆపేక్ష అంతా వాటిలోనే వుంది మరి! ఉప్పు మాట మిగిలి, అమ్మా అన్న పిలుపు పోయింది.

ఈసారి ఎవరైనా ‘మీ అత్తగారు ఇలా అందిట’ అంటే, ఆవిడ అచ్చంగా ఏ మాటలు వాడిందో అవే చెప్పమని అడిగి చూడండి. కాసేపు తల గోక్కుని, ‘ఏమో, ఆ అర్థం వచ్చేట్టే అందిలే’ అంటారు.