వారాల అన్నం

సుధా,

నెలనెలా డబ్బు పంపి చదివిస్తున్న పాపను చూడటానికి ఉత్తర కెన్యాలోని తుర్కానాకు వెళ్తున్నానని రాశావు. తప్పకుండా వెళ్లమ్మా. అయితే ఒక్క మాట మనసులో పెట్టుకో. ఆ పాప నీకు ఏమీ బాకీ లేదు. నీ మాటలో గానీ, నువ్వు తీసే ఫొటోలో గానీ ఆ పిల్లకు బాకీ గుర్తు రాకూడదు.

మన దగ్గర ఒకప్పుడు పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకునేవారు. రోజుకో ఇంట్లో భోజనం. అన్నం ఎక్కడైనా అన్నమే. కానీ ఇంటి పిల్లలతోపాటు పంక్తిలో కూర్చోబెట్టిన చోట ఆ కుర్రవాడు తలెత్తుకుని తినేవాడు, వసారాలో విడిగా విస్తరి వేసిన చోట తలవంచుకుని మింగేవాడు. స్పాన్సర్‌షిప్ సంగతీ అంతే. అర్థశాస్త్రవేత్త బ్రూస్ వైడిక్, మరో ఇద్దరు కలిసి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక సంస్థ సాయం చేసిన కుటుంబాలను భారత్, కెన్యా, ఉగాండా సహా ఆరు దేశాల్లో పరిశీలించి, పదివేలమందికి పైగా వివరాలు సేకరించారు. సాయం అందిన పిల్లలు ఏడాది నుంచి దాదాపు ఏడాదిన్నర వరకు ఎక్కువ చదివారని తేలింది. ఫీజులు, భోజనాలే కాక, రేపటి మీద ఆ పిల్లల్లో పెరిగిన ఆశ కూడా ఇందుకు కారణం కావచ్చని వైడిక్ అభిప్రాయం. అదే నిజమైతే, నలుగురిలో నిలబెట్టి ఆ పాపచేత కృతజ్ఞతలు చెప్పించడం నీ డబ్బు మొలిపించిన ఆశను నువ్వే తుంచేయడం.

“నా డబ్బు ఎటు పోతోందో చూడొద్దా?” అంటావు. చూడాల్సిందే. షికాగో ట్రిబ్యూన్ పత్రిక విలేకరులు తామే స్పాన్సర్లుగా చేరి ఆ పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్తే, కొందరికి అందింది చాలా తక్కువనీ, చనిపోయిన ఒక పాప పేరున కూడా డబ్బు వసూలవుతోందనీ 1998లో బయటపడింది. కాబట్టి అనుమానం తప్పు కాదు. కానీ లెక్క చెప్పాల్సింది సంస్థ, పాప కాదు. తుర్కానాలో కరువు రోజుల్లో ఆడవాళ్లు ఎండిన ఏటి ఇసుకలో చెలమ తవ్వుతారు. ఊట లోతుకు పోయేకొద్దీ ఒకరు గుంటలోకి దిగి, నీళ్లు ముంచి పైవాళ్లకు అందిస్తారు. ఆ పనిలో ఉన్న పిల్ల బడికెలా పోతుంది? అందుకే బోరు వేశామని చెబితే, అది పనిచేస్తోందా, చెడితే బాగుచేసేదెవరు అని అడుగు. బడిలో ఆడపిల్లల హాజరు పట్టీ చూడు. పాప నవ్వు చూసి తృప్తిపడి వచ్చేయకు.

“చిన్న కానుక ఇస్తే తప్పా?” అనీ అడగొచ్చు. స్పాన్సర్ దొరకని పిల్లలు, ఆ పాప సొంత చెల్లెలు పక్కనే నిలబడి చూస్తుంటారు. ఇచ్చేదేదో బడికి ఇవ్వు, అందరిదీ అవుతుంది. విమానం ఖర్చు కూడా అక్కడికే పంపొచ్చు కదా అనేవాళ్ల మాట కొట్టిపారేయలేను. నీ రాకవల్ల ఆ ఊరికి ఒరిగేది తక్కువ, నువ్వు నేర్చుకునేదే ఎక్కువ. ఆ లెక్కన అక్కడ ఋణపడేది నువ్వే.

రేపు ఆ పాప చదువు ముగించి నీ పేరు మరిచిపోయినా నొచ్చుకోకు. ఒంటబట్టిన అన్నం ఏ ఇంటిదో ఎవరూ విడదీసి చెప్పలేరు.

ఇట్లు,
నీ పెదనాన్న